స్లాబు మీద ఎండ, గోడవతల డీజే

నిజామాబాద్ బజారులో ఇంటి సామాన్ల దుకాణానికి పోయి, "మీది గదిల ఉక్క తగ్గాలె, పక్క ఫంక్షన్ హాలు మోత కూడా ఆగాలె, ఏమన్న ఉందా?" అని అడిగి చూడండి. చాలాసార్లు చూపించే సరుకు ఒకటే. ఒక పక్క వెండి కాగితం మెరిసే పల్చటి షీటు, కాకపోతే తెల్లటి థర్మోకోల్ పలక. "ఇదేస్తే రెండూ బంద్ సార్" అనే మాట దాంతోపాటు ఊరికే వస్తుంది. తెచ్చి బిగించాక వేడి కొంత తగ్గుతుంది. మోత మాత్రం నిన్న ఎంత ఉందో ఇవాళా అంతే.

దుకాణదారు మోసగాడని కాదు, ఆయనకు చెప్పినవాళ్లూ అట్లాగే చెప్పారు. అసలు చిక్కు ఏమిటంటే వేడి గోడ దాటే తీరు వేరు, చప్పుడు గోడ దాటే తీరు వేరు. కదలకుండా చిక్కుకున్న గాలి వేడిని ఆపుతుంది. థర్మోకోల్ గింజల్లో మూసుకుపోయిన బుడగలున్నది అందుకే. రెండంగుళాల థర్మోకోల్ పొర, అయిదంగుళాల కాంక్రీటు స్లాబు కంటే పదిహేను రెట్లకు పైగా వేడిని అడ్డుకుంటుంది. చప్పుడును ఆపాలంటే బరువు కావాలి, సందు లేని బిగువు కావాలి. గోడ బరువు రెట్టింపయితే దాటే చప్పుడు అయిదారు డెసిబెళ్లు తగ్గుతుందని లెక్క. ఘనపు మీటరు కాంక్రీటు 2,400 కిలోలు తూగుతుంది. అంతే థర్మోకోల్ ఇరవై కిలోల దరిదాపు. ఇరవై కిలోల సరుకుతో డీజే పెట్టెలను ఆపుతామనడం ఆశే తప్ప ఉపాయం కాదు.

దీనికి ఉల్టా ఉదాహరణ కూడా మన కళ్లెదుటే ఉంది. ఇప్పుడు అపార్ట్‌మెంట్లకు విరివిగా వాడుతున్న ఏఏసీ బ్లాకు తేలిక, లోపలంతా బుడగలు. వేడి లోపలికి రావడంలో ఎర్ర ఇటుకకూ దానికీ చాలా తేడా ఉంది, పడమటి గోడకు అది మంచి ఎంపికే. కానీ రెండు ఫ్లాట్ల మధ్య అడ్డుగోడను నాలుగంగుళాల ఏఏసీ బ్లాకుతో లేపితే పక్కింటివాళ్ల టీవీ సీరియల్ కథ మనకూ తెలిసిపోతుంది. అదే చోట పాతకాలపు తొమ్మిదంగుళాల ఇటుక గోడ, రెండు పక్కలా ప్లాస్టరింగుతో, యాభై డెసిబెళ్ల దాకా ఆపుతుంది. ఒకే బ్లాకు పడమటి గోడకు మేలు, పొత్తుగోడకు కీడు. అమ్మేవాళ్ల కాగితంలో మొదటి సగమే కనబడుతుంది.

వేడినీ చప్పుడునీ వేర్వేరుగా తూచాలన్న ఈ పట్టింపుతో రెండు కప్పులను పక్కపక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. ఒకటి నిజామాబాద్ పాతబస్తీలో, బోధన్, బాన్సువాడ పల్లెల్లో ఇంకా అక్కడక్కడా మిగిలిన మట్టి మిద్దె. రెండోది కొత్త కాలనీల్లోని స్లాబు, దాని కింద వేలాడే జిప్సం సీలింగు.

మిద్దెను విప్పేటప్పుడు చూస్తే దాని కట్టుబడి తెలుస్తుంది. అడుగున టేకు దూలాలు. వాటి మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద సందు లేకుండా పేర్చిన కట్టెలో పలకలో. ఆ పైన ఆకు, గడ్డి, మట్టి కిందికి రాలకుండా. ఆ మీద తడిపి, తొక్కి, కొట్టి గట్టిపరచిన మట్టి, అరడుగు నుంచి అడుగు దాకా. అన్నిటికంటే మీద నీరు ఇంకకుండా చౌడు మన్ను. అరడుగు మట్టే అనుకున్నా చదరపు మీటరుకు పావు టన్ను బరువు. అంటే బరువు విషయంలో మిద్దె స్లాబుకు ఏమంత తీసిపోదు, వానచప్పుడు లోపలికి వినపడకపోవడానికి కారణం అదే. వేడి విషయంలో మాత్రం మట్టిదే పైచేయి. కాంక్రీటులో వేడి పరుగెత్తినంత జోరుగా మట్టిలో పరుగెత్తదు. పైగా కింద కట్టె, ఆకు పొర. మధ్యాహ్నం ఎక్కిన వేడి కింది పొర దాకా వచ్చేసరికి బయట పొద్దు వాలి గాలి చల్లబడి ఉంటుంది.

అంతమాత్రాన మిద్దెను నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఏటేటా మృగశిర రాకముందే మిద్దెక్కి మన్ను సరిచేయాలి, గడ్డి పీకాలి. ఒక్క ఏడు ఏమరితే దూలం పుచ్చుతుంది, చెద పడుతుంది. ముసురు పట్టిన వారంలో మట్టి కప్పు కూలిన వార్త రాని సంవత్సరం లేదు. టేకు ధర సామాన్యుడి చేయి దాటిపోయాక మిద్దె కథ ముగిసింది, అది సహజమే. పైగా పాత భవంతి ఇళ్లలో నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలి ఉండేది. కప్పు ఎంత బరువైనా ఆ వాకిలి గుండా వీధి చప్పుడు ఇంట్లోకి నడిచి వచ్చేది. పాత ఇల్లు నిశ్శబ్దంగా ఉండేదనుకోవడం సగం భ్రమ. వీధే నిశ్శబ్దంగా ఉండేది.

మిద్దెను ఆకాశానికెత్తేవాళ్లు ఈ ప్రాంతంలో రాతి గోడల దోమకొండ గడీని కూడా చూపిస్తారు. దాని సంరక్షణ పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది, న్యాయమే. కానీ అంత మందం గోడలు ఒక దొర కుటుంబానికి సాధ్యపడ్డాయి గానీ, బీడీలు చుట్టి ఇల్లు నడిపే కుటుంబానికి ఎన్నడూ లేవు. ఆ ఇంటి మీద ఉన్నది రేకు. సిమెంటు రేకయినా, ఇనుప రేకయినా అందులో రెండు గుణాలూ లేవు. చిక్కిన గాలి లేదు కనుక ఎండ దిగుతుంది, బరువు లేదు కనుక వాన మోగుతుంది. ఈ రెండు కప్పుల పోలిక మధ్యతరగతి ఇళ్లకే. రేకుల ఇంటికి ఏది చేసినా ఇప్పటికంటే మెరుగే.

ఇక స్లాబు. దాన్ని తిట్టడం తేలిక. చప్పుడు సంగతిలో అది మంచి కప్పు, చదరపు మీటరుకు మూడు వందల కిలోలుంటుంది. పైనుంచి గాలిలో వచ్చే మోతను బాగానే ఆపుతుంది. పైఅంతస్తులో కుర్చీ జరిపిన చప్పుడు, రోట్లో దంచిన దెబ్బ మాత్రం కాంక్రీటులోంచే ప్రయాణిస్తాయి. నేల టైలును స్లాబుకు నేరుగా అతికించేస్తున్నాం కనుక దెబ్బకూ కింది గదికీ నడుమ మెత్తటి పొర అన్నదే లేదు. కింద జిప్సం సీలింగు వేసినా దాన్ని వేలాడదీసే కమ్ములు అదే స్లాబుకు కొట్టి ఉంటాయి. కమ్మి వెంట చప్పుడు దిగి వస్తుంది. దీనికి తోడు లైట్ల కోసం సీలింగుకు గుండ్రటి రంధ్రాలు. పైన దూది లేదు, అంచున సీలు లేదు, రంధ్రాలు మాత్రం డజను.

స్లాబు అసలు దోషం వేడి. ఇక్కడే చలిదేశాల పొరల విద్యను తెచ్చి పక్కన పెడితే విషయం తేటపడుతుంది.

కెనడాలోనో, మినెసోటాలోనో స్థిరపడ్డ మనవాళ్ల ఇళ్లకు పోయినవారు చలికాలం పొద్దున బాత్రూమ్ టైలు పాదానికి వెచ్చగా తగలడం గమనించి ఉంటారు. టైలు కింద కరెంటుతో వేడెక్కే సన్నటి తీగ ఉంటుంది. కొన్ని ఇళ్లలో చెక్క నేల కింద కాగితమంత పల్చటి కార్బన్ ఫిల్మ్ పరుస్తారు. వీటి సామర్థ్యం చదరపు అడుగుకు సుమారు పన్నెండు వాట్లు. చదరపు మీటరుకు నూట ముప్పై అనుకోండి. గాలిని కాకుండా ఒక పెద్ద ఉపరితలాన్ని కొద్దిగా వెచ్చచేస్తే, ఆ ఉపరితలం మనిషి ఒంటి మీదికి వేడిని ప్రసరిస్తుంది. కొరియావాళ్లు పొయ్యి పొగను నేల కిందుగా మళ్లించి వందల ఏళ్లుగా చేస్తున్న పనే ఇది. వాళ్లు దాన్ని ఒండోల్ అంటారు.

ఆ తీగ కింద ఏముందన్నది మనకు ముఖ్యం. తీగకూ అడుగు నేలకూ మధ్య వేడిని ఆపే బోర్డు ఒకటి వేస్తారు. అది లేకపోతే కరెంటు బిల్లులో పెద్ద వాటా కింది కాంక్రీటును కాచడానికి పోతుంది. కొన్ని రకాల బోర్డులు అడుగుల చప్పుడును కూడా కొంత మింగుతాయి, కనుక ఒక్క పొర రెండు పనులు చేస్తుంది. వేడి ఎటు పోకూడదో అటువైపు అడ్డు పెట్టాలి, వేడి పుట్టే చోటికి ఎంత దగ్గరగా పెడితే అంత మంచిది. ఆ మొత్తం విద్యలో సూత్రం ఇంతే.

ఇప్పుడు మన స్లాబును చూడండి. మే నెల నడినెత్తి ఎండలో చదరపు మీటరు మీద వెయ్యి వాట్ల దాకా ఎండ పడుతుంది. మాసిన సిమెంటు అందులో సగానికి పైనే పీల్చుకుంటుంది. చలిదేశపు బాత్రూమ్ తీగ ఇచ్చేదానికి నాలుగైదు రెట్లు. చాలావరకు మళ్లీ గాలికి, ఆకాశానికి పోతుంది నిజమే, కానీ మిగిలింది చాలు. రాత్రి భోజనాలయ్యాక మంచమెక్కి స్లాబుకు అరచేయి ఆనిస్తే ఇంకా వెచ్చగా తగులుతుంది. ఫ్యాను తిప్పితే ఆ వెచ్చటి గాలినే ముఖం మీదికి కొడుతుంది. చలిదేశాల్లో కరెంటుతో వెచ్చబడే సీలింగులు కూడా అమ్ముతారు. 45 డిగ్రీలు దాటే ఊళ్లో మనం అదే సరుకును బిల్లు లేకుండా నెత్తి మీద కట్టించుకుని, దాన్ని చల్లార్చడానికి ఏసీకి బిల్లు కడుతున్నాం.

మరి అడ్డు ఎటువైపు పెట్టాలి? సూత్రం ప్రకారం వేడి పుట్టే వైపు, అంటే స్లాబు మీద. మన కొత్త ఇళ్లలో పెడుతున్నది కింద, అదీ చాలాచోట్ల అడ్డు కాదు, ఉట్టి జిప్సం పలక. ఎండలో నిలబడ్డవాడు తలకు రుమాలు చుట్టుకోకుండా చొక్కా లోపల ఇంకో బనియన్ తొడుక్కున్నట్టు ఉంటుంది ఈ పని. స్లాబు కింద రాక్‌వూల్ (రాతి దూది) వేసినా గదికి వేడి తగ్గుతుంది, కాదనను. కానీ కాంక్రీటు మాత్రం పగలంతా కాగుతూ, రాత్రి ముడుచుకుంటూ ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ చీలికలు తేలతాయి, వానాకాలం తడి దిగుతుంది. మీద వేస్తే స్లాబుకూ నీడే, ఇంటికీ నీడే. మట్టి మిద్దె కట్టిన కూలీలకు వాట్లు, డెసిబెళ్లు తెలియవు. బరువు, అడ్డు రెండూ పైనే పెట్టి, కింద కట్టెను నీడలో ఉంచారు. స్లాబుకు వచ్చేసరికి ఆ వరుస పోయింది. స్లాబులో ఎత్తిచూపవలసిన తప్పంటూ ఉంటే ఇదే, సిమెంటు వాడటం కాదు.

వెండి కాగితం సంగతీ ఇక్కడే చెప్పాలి. అది పనిచేసేది ప్రసరించే వేడిని తిప్పికొట్టి. దానికి మెరిసే ముఖం ఎదుట ఒక అంగుళమైనా ఖాళీ గాలి ఉండాలి. కాంక్రీటుకు అతికిస్తే మెరుపు మిగులుతుంది, పని మిగలదు. దుమ్ము పట్టినా అంతే. తక్కువ ఖర్చులో దానికంటే నమ్మకమైనది ఎండాకాలానికి ముందు డాబా మీద కొట్టే తెల్ల సున్నం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చినప్పుడు చెప్పిందీ ఇటువంటిదే, ఎండను తిప్పికొట్టే కప్పులు కావాలని. ఆ మాట జిల్లా కేంద్రాల మేస్త్రీల దాకా ఇంకా సరిగ్గా దిగలేదు.

అమెరికా ఇంటి ఇంకో భాగాన్ని కూడా మనవాళ్లు ఇష్టంగా అనుకరిస్తున్నారు. నేలమాళిగలో సినిమా గది. అక్కడ ఇల్లు కర్ర చట్రం మీద జిప్సం పలకలతో లేచిన తేలికపాటి కట్టడం. బరువు లేదు కనుక చప్పుడు ఆపడానికి పొరలతో కుస్తీ పట్టాలి. రెండు వరుసల పలకలు, వాటి నడుమ జిగురు, వెనక రాక్‌వూల్, పలకకూ చట్రానికీ మధ్య స్ప్రింగులా ఊగే పట్టీ. తెలుగు సినిమా ఫైట్లు పైగదిలో నిద్రపోయే పిల్లలకు వినపడకుండా ఉండటానికి ఇంత తతంగం. ఆ ఇంటికి అది న్యాయం. మన ఇంట్లో తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఉంటే అందులో ముప్పాతిక పని ఇప్పటికే అయిపోయినట్టు. అక్కడ ఇల్లు తేలిక కనుక పొరలు చప్పుడు కోసం, ఇక్కడ ఇల్లు బరువు కనుక పొరలు వేడి కోసం. ఈ తేడా చూడకుండా అక్కడి గోడను ఇక్కడికి తెచ్చి, ఉన్న ఇటుక గోడకు లోపల జిప్సం అతికించి సంబరపడుతున్నాం.

పొరల మాట వచ్చాక బోధన్‌ను దాటి పోలేం. మంజీర మీద 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక ఈ నేలలోకి చెరుకు వచ్చింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. టన్ను చెరుకు ఆడితే పావు టన్నుకు మించి తడి పిప్పి మిగులుతుంది. చక్కెర మిల్లుల్లో ఆ పిప్పి బాయిలర్‌లోకి పోతుంది, ఆవిరయి మిల్లునే తిప్పుతుంది. బోధన్ ఫ్యాక్టరీకి సుమారు పదిహేనేళ్ల ముందు, సముద్రాల అవతల, అమెరికాలోని లూసియానా చెరుకు సీమలో మరేరో అనే ఊళ్లో ఇదే పిప్పిని నానబెట్టి, నారగా విడదీసి, ఒత్తి, పలకలుగా ఆరబెట్టడం మొదలుపెట్టారు. దాని పేరు సెలోటెక్స్. పిప్పి నారల నడుమ చిక్కిన గాలి వేడిని ఆపింది. పలకకు వరుసగా రంధ్రాలు తొలిచి సీలింగుకు బిగిస్తే గదిలో ప్రతిధ్వనిని మింగింది. ఆ రంధ్రాల పలకను అకౌస్టి సెలోటెక్స్ అని అమ్మారు. ఇవాళ మన బ్యాంకుల్లో, ఆఫీసుల్లో తలెత్తితే కనిపించే చుక్కచుక్కల సీలింగు టైళ్లు ఆ వంశానివే.

ఒకే పిప్పికి రెండు దారులు, వీటిలో ఏది మేలు? బోర్డు దారి గొప్పదని తేల్చేయడం సులభం గానీ, అప్పటి లెక్క వేరు. పిప్పి బోర్డుకు పోతే బాయిలర్‌కు బొగ్గు కొనాలి. అమెరికాలో బోర్డు కొనడానికి చలిలో వణికే కోట్ల కర్ర ఇళ్లు ఎదురుచూస్తున్నాయి. నిజామాబాద్ జిల్లాలో ఆనాడు మట్టి మిద్దె ఉచితంగా ఆ పని చేస్తోంది. కనుక ఫ్యాక్టరీలోని ఇంజనీర్లు పిప్పిని కాల్చడం తెలివితక్కువ పనేమీ కాదు. పైగా పిప్పి బోర్డుకు జబ్బులున్నాయి. చెద దాన్ని వదలదు, తడిస్తే ఉబ్బుతుంది, నిప్పంటుకుంటుంది. నిలవచేసిన పొడి పిప్పిలో పెరిగే బూజు దుమ్ము కూలీల ఊపిరితిత్తులను పట్టేది. ఆ రోగానికి వైద్యులు పిప్పి పేరుతోనే బెగసోసిస్ అని పేరుపెట్టారు. సెలోటెక్స్ కంపెనీ కథ ఇంకా విచిత్రం. చెరుకు పిప్పితో పుట్టిన ఆ సంస్థ, కాలక్రమంలో ఆస్బెస్టాస్ సరుకుల తాలూకు దావాల్లో చిక్కి 1990లో దివాలా కోర్టుకెక్కింది. మంచి పొరను కనిపెట్టినవాళ్లే చెడ్డ పొర చేతిలో మునిగారు.

అయితే 1937 నాటి లెక్క ఇవాళ చెల్లదు. మట్టి మిద్దెలు పోయాయి, వాటి చోట కాగే స్లాబులు వచ్చాయి. బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. నార పలకలకు అవసరం పుట్టిన కాలానికి పిప్పి పుట్టే చోటు మూసుకుంది. బోర్డును స్లాబు మీద నేరుగా వేయలేం, వాన తినేస్తుంది. కానీ ఫంక్షన్ హాళ్ల లోపలి గోడలకు, బడుల్లో తరగతి గదుల సీలింగులకు, చెదకూ నిప్పుకూ మందు పట్టించిన నార పలకకు మించిన సరుకు ఈ చెరుకు సీమలో దొరకదు.

ఫంక్షన్ హాలు అన్నాను కనుక ఆ గొడవా తేల్చాలి. ఈ హాళ్లు ఎక్కువగా ఇనుప చట్రం మీద రేకు, లోపల పల్చటి సీలింగు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు, రాత్రంటే పది గంటల నుంచి ఉదయం ఆరు దాకా. హాలు యజమాని గోడలకు దూది పలకలు వేయించి "సౌండ్‌ప్రూఫ్ చేయించినం" అంటాడు. ఆ పలకలు సన్నాయి కీచును, మైకు గరగరను లోపల తగ్గిస్తాయి, మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. మన కిటికీ అద్దాలను వణికించేది డీజే పెట్టెల అడుగు మోత. యాభై హెర్ట్జ్ దగ్గర ఒక్కో అల పొడవు దాదాపు ఏడు మీటర్లు. రెండంగుళాల దూది దాన్ని పసిగట్టనైనా పసిగట్టదు. దానికి కావలసింది ఇటుక గోడ, కాంక్రీటు కప్పు, డబుల్ తలుపులు. లేదా మరీ చవకైన ఉపాయం, పెట్టెల గొంతు తగ్గించడం.

మన వైపు నుంచి చేయగలిగింది ఒకటుంది, దానికి పెద్ద ఖర్చు లేదు. గోడ వైశాల్యంలో నూటికి ఒక వంతు సందు ఉంటే, అది కోట గోడయినా ఇరవై డెసిబెళ్లకు మించి ఆపలేదు. తలుపు కింద అరంగుళం ఖాళీ, కిటికీ చట్రం చుట్టూ వేలు దూరే సందు, ఏసీ పైపుకు కొట్టిన రంధ్రం. వీటిని రబ్బరు పట్టీతో, సీలెంటుతో, సిమెంటుతో మూయకుండా గోడలకు ఏం అతికించినా ఆ డబ్బు వృథా. కోడిగుడ్ల అట్టలు గోడంతా అతికించే కుర్రాళ్ల స్టూడియోలకూ ఇదే మాట. అట్ట గదిలో గొంతును కొంచెం పొడిగా వినిపిస్తుంది, బయటి ఆటో హారన్‌ను ఆపదు, పైగా నిప్పుకు మంచి మేత.

నా తీర్పు ఇది. చప్పుడు దగ్గర స్లాబు, మిద్దె సరిసమానం. వేడి దగ్గర మిద్దె గెలిచింది, అదీ మట్టి గొప్పతనం వల్ల సగమైతే వరుస గొప్పతనం వల్ల సగం. ఆ వరుసను స్లాబుకు ఇవ్వడానికి కొత్తగా కనిపెట్టవలసిందేమీ లేదు. వాటర్‌ప్రూఫింగ్, దాని మీద నీరు పీల్చని గట్టి ఫోమ్ బోర్డు, ఆ మీద సన్నటి కాంక్రీటు పొర, అన్నిటికంటే పైన తెల్ల టైలు లేదా సున్నం. ఈ ఎండాకాలం లోపు ఇల్లు మొదలుపెట్టేవారు మేస్త్రీతో రేటు మాట్లాడేటప్పుడు స్లాబు మీద ఏం వేస్తాడో ముందు రాయించుకోండి. సీలింగు డిజైన్ల పుస్తకం ఆ తర్వాత తెరవండి, డబ్బు మిగిలితే.